శనగ కాని శనగ

శనగనూనెలో శనగపిండి బజ్జీలు వేశామంటే తెలుగిళ్ళలో ఎవరికీ ఏ అనుమానమూ రాదు. రావలసిన మాటే అది. నూనెలోని శనగ ఒక మొక్క, పిండిలోని శనగ ఇంకో మొక్క. పిండి ఇచ్చిన మొక్క కొన్ని వేల ఏళ్ళుగా ఈ దేశపు చేలలో ఉంది. నూనె ఇచ్చినది దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చింది. 1492కి ముందు దాన్ని చూసిన తెలుగువాడు ఉండే అవకాశమే లేదు. రెండూ చిక్కుడు కుటుంబానివే అయినా దగ్గరి చుట్టాలు కావు. అయినా ఒకే మూకుట్లో ఒకే పేరుతో కలుస్తున్నాయి.

పేరు ఒకటే అయినా ఎవరూ తికమక పడకపోవడానికి కారణం గింజలోనే ఉంది. శనగ గింజలో నూనె నూటికి అయిదారు పాళ్ళకు మించదు. దాన్ని గానుగలో వేసి లాభం లేదు. వేరుశనగ గింజలో సగానికి దగ్గరగా నూనే. కాబట్టి శనగనూనె అంటే ఏ శనగదో చెప్పక్కర్లేదు. గానుగలో మిగిలే శనగచెక్కా అంతే. కాయలు దూసుకున్నాక పశువులకు మిగిలే మేత శనక్కట్టె, అదీ వేరుశనగదే. శనగపప్పు, శనగపిండి మాత్రం పాత యజమాని దగ్గరే ఉండిపోయాయి. ఒక ఇంటిపేరును ఇద్దరు పంచుకున్నారు, వంటగది ఒకరిది, గానుగ ఒకరిది.

‘శనక్కాయ’ సంగతి ఇంకా తమాషా. శనగకు కాయ లేక కాదు. చిన్న తిత్తిలా ఉబ్బిన కాయ, అందులో ఒకటో రెండో గింజలు. అయినా దాన్ని ఎవరూ శనక్కాయ అనరు, పచ్చిగా ఉన్నా పచ్చి శనగలే అంటారు. శనక్కాయ అన్నామంటే వేరుశనగే. నా ఊహ ఏమిటంటే, పాత శనగ కళ్ళంలో నూర్పు కాగానే గింజై ఇంటికొస్తుంది. వేరుశనగ కాయగానే బస్తాకెక్కుతుంది, కాయగానే ఉడుకుతుంది, కాయగానే కొలతకు వస్తుంది. దాని కాయ తనంతట తాను పగలదు. పెసరకాయ ఎండితే చిట్లి మెలిపడుతుంది; దీన్ని మాత్రం వేళ్ళతో నొక్కి ఒలవాలి. మొక్క గుణమే మాటకూ పట్టింది.

పక్క భాషల్లోనూ ఇదే జరిగింది. కన్నడంలో కడలె అంటే శనగ, కడలెకాయి అంటే వేరుశనగ. తమిళంలో కడలై మావు శనగపిండి, కడలై ఎణ్ణెయ్ వేరుశనగ నూనె. మన బజ్జీ వాక్యాన్ని తమిళంలోకి మాటకు మాట మార్చినా అదే చిక్కు, అదే సుఖం.

కొత్తగా వచ్చినవాడు పాతవాడి పేరు పెట్టుకోవడం లోకంలో ఉన్నదే. పాతవాడు తన పేరు ముందు ఒక గుర్తు తగిలించుకోవలసి రావడమే అరుదు. రాయలసీమలో అది జరిగింది. అనంతపురం, కర్నూలు వైపు రైతు వట్టి ‘శనగ’ అంటే వేరుశనగ అనుకునే ప్రమాదం ఉంది కనుక, అసలు శనగను పప్పుశనగ అంటారు, బుడ్డశనగ అని కూడా అంటారు. పత్రికల జిల్లా పేజీల్లో రబీ పంటల వార్త చూడండి: ‘పప్పుశనగకు గిట్టుబాటు ధర లేదు’ అని ఉంటుంది. సంస్కృత చణకం నుంచి దిగిన మాట, సెనగ అని నిఘంటువుల్లో తద్భవంగా కూర్చున్న మాట, తన సొంత పొలంలో విశేషణం లేకుండా తిరగలేకపోతోంది. తమిళంలో ఈ పాట్లు పడుతున్న శనగ పేరు కొండైక్కడలై.

తెలంగాణలో ఈ గొడవే లేదు. అక్కడ పల్లి. హిందీ, ఉర్దూల మూంగ్‌ఫలీలో మూంగ్ జారిపోయి ఫలీ మిగిలింది, ఒత్తు పోయి పల్లి అయింది. ఫలీ అంటే వట్టి కాయ. ఏ కాయ అని ఎవరూ అడగలేదు. పాలమూరులోనూ, కర్నూలు వైపునా బుడ్డలు అనే మాట ఉంది. పొట్టిగా, ఉబ్బుగా ఉండేదాన్ని బుడ్డ అనడం తెలుగుకు కొత్త కాదు. చెయ్యి తడిమి పెట్టిన పేరది. కర్నూలు వైపు బుడ్డలంటే ఒక పంట, బుడ్డశనగ అంటే ఇంకొకటి. బయటి వ్యాపారి అక్కడ జాగ్రత్తగా ఉండాలి.

ఇక ముందున్న ‘వేరు’. దీనికి తెలుగు చెవిలో రెండర్థాలు తగులుతాయి. చెట్టు వేరు ఒకటి, ‘అది వేరు, ఇది వేరు’ అన్నప్పటి వేరు రెండోది. వేరుశనగ అంటే వేరే శనగ, మన శనగ కానిది అని అర్థం చెప్పుకుంటే ఎంత బాగుండేదో! వృక్షశాస్త్రానికీ సరిపోయేది. కాని పాత రాత ఒప్పుకోదు. చెట్టు వేరుకు మామూలు రేఫ, వేరుపాటు చెప్పే మాటకు శకటరేఫ: వేఱు. ఈ రెంటినీ నేటికీ విడిగా ఉంచుకున్న తమిళంలో ఈ గింజ పేరు వేర్‌క్కడలై, అక్కడున్నది చెట్టు వేరే. మన పేరు కూడా ఆ దారిదే అనుకోక తప్పదు. బండి ఱ రాతలోంచి పోయాక తెలుగుకు మిగిలిన అందమైన పొరపాట్లలో ఇదొకటి; దీన్ని సరిదిద్దుకుని బావుకునేదేమీ లేదు.

సరే, చెట్టు వేరే అనుకుందాం. వేరుకు కాసిన శనగ. మొక్కను పీకి దులిపినవాడికి కళ్ళెదుట కనిపించేదీ అదే: కింద వేళ్ళు, వేళ్ళ మధ్య కాయలు. కాని ఒక కాయను పట్టుకుని దాని తొడిమ వెంట మెల్లగా పైకి వెళ్ళండి. అది వేరు దగ్గర ఆగదు. నేల దాటి పైకొచ్చి, కాండం మీద, ఆకు మొదట్లో ఒక చిన్న గంటు దగ్గర తేలుతుంది. అక్కడ కొన్ని వారాల కింద ఒక పువ్వు ఉండేది.

ఆ పువ్వు మొక్కలాగే మోసకారి. పసుపు, కాస్త నారింజ ఛాయ, పైరేకు మీద ఎర్రని గీతలు; చిక్కుడు పువ్వు రూపమే. సన్నని కాడ మీద నిలబడినట్టుంటుంది. నిజానికి అది కాడ కాదు. రక్షకపత్రాల, రేకుల, కేసరాల అడుగు భాగాలు కలిసిపోయి నాలుగైదు సెంటీమీటర్ల గొట్టంగా సాగాయి. అండాశయం పువ్వులో లేదు. ఆ గొట్టం అడుగున, ఆకు గ్రీవంలో దాక్కుని ఉంది. కీలాగ్రం పైన రేకుల మధ్య ఉంటే, దాని కీలం దారంలా ఆ గొట్టం పొడవునా కిందికి దిగుతుంది. తెల్లవారుజామున పువ్వు విచ్చేలోపే పుప్పొడి తన పువ్వులోనే రాలి పని ముగిస్తుంది. తేనెటీగ వచ్చినా ఒరిగేది కొద్దే. మధ్యాహ్నానికి పువ్వు వాడిపోతుంది.

అసలు కథ వాడాక మొదలవుతుంది. వారం రోజుల్లో అండాశయం అడుగు భాగం సాగడం మొదలుపెడుతుంది. మేకులాంటి ఒక పుల్ల, కొనన అండాలు, వాటికి రక్షగా గట్టి మొన. అది తిన్నగా నేలను వెతుక్కుంటూ దిగుతుంది. నేలలో నాలుగైదు సెంటీమీటర్లు పోయాక, చీకటీ మట్టి ఒరిపిడీ తగిలాక, అడ్డంగా తిరిగి కాయగా ఊరుతుంది. చీకటి దొరక్కపోతే కాయ లేదు. కొమ్మల్లో మరీ ఎత్తున పూసిన పువ్వు నుంచి బయల్దేరిన మేకు జానెడు దూరంలో నేల అందకపోతే ఎండి రాలిపోతుంది.

వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని గైనోఫోర్ అంటారు, ఇంగ్లీషు రైతులు పెగ్ అంటారు. మన రైతు మాట ఊడ. ‘ఊడలు దిగుతున్నాయి’ అంటాడు. మర్రి ఊడను చూసిన కన్ను పెట్టిన పేరిది, నాకు వేరుశనగ అనే పేరుకంటే ఎన్నో రెట్లు మెరుగ్గా తోస్తుంది. మర్రి ఊడ వేరు జాతిదే కదా, ఇదీ తప్పే కదా అనవచ్చు. నిజమే. కాని ఆ మాట మోసుకొచ్చేది పదార్థాన్ని కాదు, దిక్కును. పై నుంచి కిందికి. కొమ్మ నుంచి నేలకు. కాయ కింద పుట్టలేదు, పైన పుట్టి కిందికి దిగిందన్న సంగతి, ఏ పుస్తకమూ చదవకుండానే, ఆ ఒక్క క్రియతో తేలిపోతుంది. పంటకు పేరు పెట్టింది కాయలు పీకినవాడు. ఊడకు పేరు పెట్టింది నలభై రోజులపాటు వంగి కలుపు తీసిన మనిషి, చాలావరకు ఆడమనిషి.

ఆ మాటకు పొలంలో పని ఉంది. విత్తిన 45 రోజుల తర్వాత గుంటక తోలవద్దు అంటారు. మట్టి కదిలితే దిగిన ఊడ తెగుతుంది, తెగిన ఊడ మళ్ళీ అతకదు. ఊడలు దిగేవేళ బెట్ట వస్తే నేల గట్టిపడి మొన లోపలికి పోదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో, వానాధారంగా లక్షల హెక్టార్లలో ఈ పంట వేసినచోట, ‘ఊడలు దిగలేదు’ అన్న వాక్యానికి అప్పు లెక్కలన్నీ వేలాడుతుంటాయి.

ఇంతా చేసి ‘వేరు’ను కొట్టిపారేద్దామంటే మొక్క ఒప్పుకోదు. సున్నం సంగతి చూడండి. మొక్కలో కాల్షియం నీటితో పాటు పైకి ప్రయాణిస్తుంది. ఆకులు నీటిని ఆవిరి చేసి లాగుతాయి కాబట్టి అటే పోతుంది. నేల కింది కాయ ఆవిరి చేసేది లేదు, కనుక వేళ్ళు పీల్చిన కాల్షియం దాని దాకా రాదు. తనకు కావలసింది ఊడా, కాయ పెంకూ చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా పీల్చుకోవాలి. పూత వేళ ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళ దగ్గరే వేయమనడం ఇందుకే. కాయ ఊరేచోట సున్నం లేకపోతే పెంకు ఉంటుంది, లోపల గింజ ఉండదు. పుట్టుక పువ్వుది, పని వేరుది. పేరు పెట్టినవారికి ఇది తెలిసే అవకాశం లేదు గాని, గుడ్డిగా వేసిన బాణం అంచుకైనా తగిలింది.

ఇతర భాషలవాళ్ళు ఏం చేశారు? ఎక్కువమంది మనలాగే ఇంట్లో ఉన్న గింజను అరువు తెచ్చుకున్నారు. హిందీవాడు పెసర కాయ అన్నాడు, మరాఠీవాడు భుయిముగ్ అంటూ భూమి పెసర అన్నాడు. బెంగాలీలో చీనాబాదామ్. ఇంగ్లీషులో బఠాణీనీ గట్టి పెంకు కాయనూ అతికించారు, రెండూ కాదు. మెక్సికోలో నహువా భాషవారికి ఇది నేల కకావో, అంటే నేల కోకో గింజ. స్పానిషువారు అందులోంచి కకవేతె చేసుకున్నారు. సింహళంలో రట కజు, అంటే విదేశీ జీడిపప్పు. జీడిమామిడే బ్రెజిల్ నుంచి వచ్చింది, దాని పేరు మీద ఇది మరింత విదేశీ అయింది. కొందరు ఊరు అడిగారు: ఉత్తర తమిళనాడులో మణిలాక్కొట్టై, అది అరిగి మల్లాట్టై. ఫిలిప్పీన్స్ మనీలా ఆ పేరులో ఉంది. మలయాళి వచ్చిన వాహనం చూశాడు: కప్పలండి, ఓడ గింజ. పందొమ్మిదో శతాబ్దంలో ఇటు పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సు మార్సెయ్ నూనె మిల్లులకు ఇదే గింజ ఓడలెక్కింది గనుక ఆ పేరు రెండు దిక్కులా చెల్లుతుంది.

మొక్కను కూర్చుని గమనించిన పేరు నాకు తెలిసి ఒకటే, చైనావారిది: లువొహువాషెంగ్. రాలిన పువ్వుకు పుట్టినది. మూడే అక్షరాల్లో పువ్వు, పతనం, పుట్టుక. జపానువారూ ఆ అక్షరాలనే రక్కసెయ్ అని చదువుకుంటారు. మన ‘ఊడ’ దాని పక్కన నిలబడగలదు. మన ‘వేరుశనగ’ నిలబడలేదు.

శాస్త్రం మాత్రం తక్కువ తిన్నదా? 1753లో లినేయస్ దీనికి అరాకిస్ హైపోజియా అని పేరు పెట్టాడు. రెండో మాట ‘నేల కింది’ అని, నిర్దోషంగా ఉంది. మొదటిది పాత గ్రీకు మాట. క్రీస్తుకు మూడు వందల ఏళ్ళకు పూర్వమే తియోఫ్రాస్టస్ నేల కింద కాయ కాసే ఒక మధ్యధరా మొక్కను అరాకిద్న అన్నాడు. అది అమెరికా మొక్క అయ్యే వీలే లేదు. అంటే లినేయస్ కూడా చేసింది మన రైతు చేసిందే, పాత పప్పు ధాన్యపు పేరును కొత్తదానికి తొడిగాడు. ‘ఈనె లేనిది’ అని ఆ పేరుకు అర్థం చెప్పేవారున్నారు. మొక్కకు ఆకు ఈనె చక్కగా ఉంది. ఆ వ్యుత్పత్తి అల్లినది.

ఇప్పుడు గుర్తుపట్టడం. శనగ ఆకు ఈకలా ఉంటుంది, పదీ పదిహేను చిన్న పత్రకాలు, అంచులకు రంపపు పళ్ళు, కొనన ఒంటి పత్రకం. ఒళ్ళంతా నూగు, ఆ నూగు నుంచి పులుపు ఊరుతుంది. మంచు వేళ చేలో తెల్లబట్ట పరిచి ఆ పులుపు పట్టేవారు. వేరుశనగ ఆకుకు నాలుగే పత్రకాలు, రెండు జంటలు, అంచులు నున్నగా. కొనన ఒంటి పత్రకం లేదు. పొద్దుగూకితే జంటలు ముడుచుకుంటాయి. ఆకు తొడిమ మొదట్లో రెండు పుచ్ఛాలు తొడిమకే అతుక్కుని ఉంటాయి. చేలో దీనికి జంటగా మొలిచి మోసం చేసేది తగిరిస. అదీ పసుపు పువ్వే, అదీ రాత్రి ముడుచుకునేదే. ఆకు లెక్కపెట్టండి: తగిరిసకు ఆరు పత్రకాలు. పువ్వు రేకులూ దాదాపు సమానంగా విప్పారి ఉంటాయి, చిక్కుడు పువ్వులా పడవ, రెక్కలు ఉండవు. గట్ల మీద పశుగ్రాసంగా చల్లే స్టైలోకు మూడు సన్నని పత్రకాలు, కాయ నేల మీదే. అయినా వేరుశనగకు నిజమైన దాయాది ఆ స్టైలోనే. అతుక్కున్న పుచ్ఛాలూ, పువ్వు కింది పొడవాటి గొట్టమూ రెంటికీ ఉన్నాయి.

ఆ దాయాదుల గుంపులోనే ఎర్రచందనం కూడా ఉంది. శేషాచలం కొండ మీది మానుకూ కొండ కింది చేలో శనక్కాయకూ ఉన్న చుట్టరికం, శనక్కాయకూ శనగకూ ఉన్నదానికంటే దగ్గరిది. కూలీ మనిషి మోకాలెత్తు మొక్క ఒకవైపు, స్మగ్లర్లు వెంటపడే మాను ఒకవైపు. వృక్షశాస్త్రం చెప్పకపోతే నమ్మేవారు ఎవరు?

సాగులో ఉన్న వేరుశనగలో రెండు తీర్లు. గుత్తి రకాలు నిటారుగా లేచి నడికాండం మీదా పూస్తాయి. వాటి గింజకు నిద్ర లేదు, కోత వేళ వాన పట్టుకుంటే చేలోనే మొలకెత్తుతుంది. తీగ రకాలు పాకుతాయి, నడికాండం మీద పూయవు, గింజ కొన్నాళ్ళు నిద్రపోతుంది. తిండివనంలో ఎంపిక చేసి 1940లో విడుదల చేసిన టి.ఎం.వి.-2 గుత్తి రకం. రాయలసీమ రైతు దాన్ని దశాబ్దాలపాటు వదల్లేదు. తర్వాత కదిరి పరిశోధనా కేంద్రం రకాలు వచ్చాయి, ఇప్పుడు కదిరి-6 అంటే ఊరి పేరా విత్తనం పేరా అని అడిగేవారు లేరు.

అరాకిస్ ప్రజాతిలో ఇదొక్కటే కాదు, 80 దాకా జాతులున్నాయి. అన్నిటి పుట్టిల్లూ దక్షిణ అమెరికాయే: బ్రెజిల్, బొలీవియా, పరాగ్వే, అర్జెంటీనా, ఉరుగ్వే. అన్నీ నేలలోనే కాస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన నిధిలో సాగు రకాలతో పాటు అడవి జాతులూ ఉన్నాయి. అడవి కాయను సాగు కాయ పక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. మన కాయలో రెండు గింజల మధ్య ఒక నొక్కు మాత్రమే. అడవి కాయలో రెండు గింజలకు రెండు విడి గదులు, మధ్యలో దారంలాంటి వంతెన. పీకితే తెగి సగం నేలలో మిగిలిపోతుంది. ఆ దారాన్ని పొట్టి చేసి రెండు గదుల్ని ఒకటి చేసింది వేల ఏళ్ళ కిందటి దక్షిణ అమెరికా రైతు. వీడి పేరు ఏ పేరులోనూ లేదు.

ఆ అడవి జాతుల్లో ఒకటి ఇప్పుడు వేరే వేషంలో లోకం చుడుతోంది. పింటో వేరుశనగ, అరాకిస్ పింటోయి. 1954లో బ్రెజిల్‌లో దాన్ని సేకరించిన వృక్షశాస్త్రజ్ఞుడు పింటో పేరు పెట్టుకుంది. ఉష్ణదేశాల్లో పార్కుల్లో, తోటల చెట్ల కింద, పచ్చికకు బదులు పరుస్తారు. నాలుగు పత్రకాలు, చేలో చూసిన అదే పసుపు పువ్వు, కాకపోతే చేతిలోకి తీసుకోగలిగినంత ఎత్తు లేవదు. దీని ఊడా నేలలోకి దిగుతుంది గాని కాయ కోసం దీన్ని ఎవరూ పెంచరు. కాండం నేలను అంటుకుని పాకుతూ కణుపు కణుపుకూ వేళ్ళు దించుతుంది. గింజ వెతుక్కోనక్కర్లేదు, నాలుగు కణుపులున్న కాడ తుంచి తడిమట్టిలో గుచ్చితే చాలు.